యాస తీసేస్తే పాఠకులు నిలబడతారా? సీరియల్ రాసేవాళ్లు చెప్పండి

జీడితోట (పలాస)

అందరికీ నమస్కారం. ఫోన్ యాప్‌లో ఒక సీరియల్ రాస్తున్నాను. కథ మా శ్రీకాకుళం జిల్లాలో, కొబ్బరి, జీడి తోటలుండే ఉద్దానంలో జరుగుతుంది. తిత్లీ తుఫానుకి తోటంతా పోగొట్టుకున్న కుటుంబం, అందులో పెద్దకూతురు ముఖ్యపాత్ర. వారానికో భాగం, ఆదివారం రాత్రి పెడతాను. కథ ఇప్పుడు సగంలో ఉంది.

మొదటి భాగం చదివినవాళ్లలో నాలుగో భాగానికి సగం మంది కూడా రావడం లేదు. యాప్‌లో ఏ భాగం ఎంతమంది చదివారో కనిపిస్తుంది కాబట్టి రోజూ చూసి టెన్షన్ పడటమే పని. కామెంట్లలో ఇద్దరు ముగ్గురు 'యాస అర్థం కావట్లేదు, మామూలు తెలుగులో రాయండి' అన్నారు. మిగతావన్నీ 'సూపర్ అక్కా', 'నెక్స్ట్ పార్ట్ ఎప్పుడు'. మొదటి ఐదు భాగాల్లో మాటలన్నీ మామూలు భాషలోకి దిద్ది మళ్లీ పెడదామని ఉంది. సగంలో అలా మార్చవచ్చా? ఒక ముక్క పెడుతున్నాను, చూసి చెప్పండి.

"ఓలమ్మా, కొబ్బరి సెట్లన్నీ పడిపోనాయే! మీ అయ్య ఏటయిపోతాడే ఇప్పుడు?"

"ఏటీ అవడు. నివ్వేడవకు. తెల్లారనీ, నానెల్లి సూసొస్తాను."

గంటస్తంభం (విజయనగరం)

మార్చకమ్మా. ఇద్దరు ముగ్గురు అన్నారని భాష మార్చేస్తే, రేపు ఇంకో ఇద్దరు ఆ పిల్లకి పెళ్లి చేసెయ్యమంటారు. చేసేస్తావా? గురజాడ ఊళ్లో కూర్చుని 'మామూలు తెలుగు' అన్న మాట చదవాల్సి వచ్చింది, నా ఖర్మ.

పాసింజర్ బండి (చీపురుపల్లి)

మాస్టారూ, దిద్దడంలో ఆ గురజాడ గారే అందరికన్నా ముందున్నారు కదా. కన్యాశుల్కం 1892లో ఆడారు, 1897లో అచ్చేశారు. 1909లో మళ్లీ తిరగరాసి వేశారు. ఐదంకాలు ఏడయ్యాయి. మనందరం గిరీశం గిరీశం అని మురిసిపోయేది ఆ రెండోది చదివే. ఆయన దిద్దితే గొప్ప, మా అక్క దిద్దితే మీ ఖర్మా?

గంటస్తంభం

తమ్ముడూ, లెక్కలు బాగానే చెప్పావు. ఆయన పన్నెండేళ్ల తర్వాత తిరగరాశాడు, ఈ ఆదివారానికీ పై ఆదివారానికీ మధ్య కాదు. ఇంకోటి కూడా ఉంది. 1897 పుస్తకం కొన్నవాడి అల్మారాలోంచి దాన్ని ఎవరూ తీసుకుపోలేదు. పరిశోధన చేసేవాళ్లు రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తున్నారు. యాప్‌లో ఈవిడ దిద్ది సేవ్ నొక్కిందంటే పాతది చదివినవాడికి తను చదివిందేమిటో చూపించుకోవడానికి కూడా ఏమీ మిగలదు.

నాగావళి (శ్రీకాకుళం)

మాస్టారు చెప్పింది నిజం. కారా మాస్టారు, అదే కథారచయిత కాళీపట్నం రామారావు గారు, తెలుగు కథలన్నీ ఒకచోట దొరకాలని 1997 ఫిబ్రవరి 22న మా ఊళ్లో కథానిలయం తెరిచారు. అక్కడ పాత పత్రికలూ ఉంటాయి, కథా సంపుటాలూ ఉంటాయి. వీలైతే ఒకరోజు వచ్చి, మీకు నచ్చిన రచయిత కథ ఒకటి పత్రికలో పడ్డ రూపంలోనూ సంపుటిలోకి ఎక్కిన రూపంలోనూ తీసి చూడండి. దిద్దుబాటు నేర్చుకోవడానికి నాకు తెలిసి అంతకన్నా మంచి దారి లేదు. రాలేకపోతే వాళ్ల వెబ్‌సైట్‌లో స్కాన్‌లు ఉన్నాయి.

కానీ జీడితోట గారి అసలు బాధ దిద్దడం గురించి కాదనుకుంటా. పాఠకులు ఎందుకు పోతున్నారన్నది. దానికి ఆవిడ ఒక కారణం అనుకుని వచ్చారు. అదేనని మనకెలా తెలుసు?

పల్నాడు పిల్ల (నరసరావుపేట)

నాకు తెలుసు. నేను పోయినవాళ్లలో ఒకదాన్ని.

ఏమీ అనుకోకండి అక్కా, ఇక్కడ మీ పోస్టు చూసి గుర్తుపట్టాను. మీ సీరియల్ మొదటి రెండు భాగాలూ ఒకే రాత్రి చదివాను. యాస మొదట్లో కాస్త ఆగి ఆగి చదివాను గానీ, తుఫాను రాత్రి వచ్చేసరికి అది యాస అన్న సంగతే మర్చిపోయాను. మూడో భాగంలో ఆపేశాను. ఎందుకంటే అక్కడ తాతగారి కాలంలో భూమి పంపకాలు మొదలవుతాయి. అప్పన్న, అప్పలస్వామి, అప్పలనాయుడు, అప్పలకొండ... అందరూ ఒకే గదిలో కూర్చుని వాటాల గురించి పోట్లాడుకుంటారు. ఎవరు అన్నో ఎవరు బావమరిదో అర్థం కాక, పైకీ కిందకీ జరిపీ జరిపీ, ఇక ఫోన్ పక్కన పెట్టేశాను. పైగా పడిపోయిన తోట ఏమైందో తెలుసుకోవాలని ఉంటే మీరు నన్ను నలభై ఏళ్లు వెనక్కి తీసుకెళ్లారు.

జీడితోట

మా దగ్గర పేర్లు అలాగే ఉంటాయమ్మా. సింహాద్రి అప్పన్న పేరు లేని ఇల్లు ఉండదు. వాళ్లకి కిరణ్, వరుణ్ అని పెడితే మా ఊరివాళ్లు నవ్విపోతారు.

పాసింజర్ బండి

మా ఇంట్లోనే ముగ్గురు అప్పారావులు. పోస్టు వస్తే ఎవరిదో తేల్చడానికి పంచాయితీ.

నాగావళి

మార్చక్కర్లేదు. ఊళ్లో నిజంగా ఏం చేస్తామో అదే చెయ్యండి. నాలుగిళ్లలో నలుగురు అప్పన్నలుంటే ఎవర్నీ ఉత్త అప్పన్న అనం కదా. పెద్దిల్లు అప్పన్న, మిల్లు అప్పన్న, సూరత్ అప్పన్న అంటాం. ఇంట్లోవాళ్లయితే పేరే ఎత్తరు, పెదనాన్న, చిన్నమావ, బావ. మీ కథ చెప్పేది పెద్దకూతురి వైపు నుంచి కాబట్టి ఆ పిల్ల వరసలతోనే రాయండి. రచయిత్రి లెక్కపెట్టినట్టు కాకుండా ఆ ఇంట్లో పెరిగిన పిల్ల పిలిచినట్టుంటుంది. నిజం పోదు, పాఠకురాలూ పోదు.

ఇంకో మాట. ఆ పంపకాల గొడవ మూడో భాగంలోనే ఎందుకు? పాత వారపత్రికల్లో సీరియల్ వేసేటప్పుడు ముందు 'జరిగిన కథ' అని నాలుగు ముక్కలు ఇచ్చేవారు. మీ మూడో భాగానికి 'జరిగిన కథ' రాసి చూడండి. 'పూర్వం భూమి ఇలా పంచుకున్నారు' అని తప్ప ఇంకేమీ రాయలేకపోతే, ఆ వారం కథ నడవలేదని అర్థం. నేను నా ప్రతి భాగానికీ పెట్టేముందు ఇది రాసుకుంటాను. రాయలేకపోయిన భాగం పెట్టను.

గంటస్తంభం

ఇది మంచి మాట. 'ఇంకా ఉంది' అని వేసే చోటు గురించి అందరూ తెగ ఆలోచిస్తారు, తలుపు చప్పుడైంది, ఫోన్ మోగింది, ఎవరో కెవ్వుమన్నారు అని. మొదలుపెట్టే చోటు గురించి ఒక్కడూ ఆలోచించడు.

కలం పోటు

నన్నడిగితే యాస తీసెయ్యడమే మంచిది. తెలంగాణ, సీమ, అమెరికా, అన్ని చోట్లా చదువుతారు. యాప్ అంటే ఊరి రచ్చబండ కాదు. అందరికీ అర్థమయ్యే భాష ఒకటి ఉంది, దానికోసమే గిడుగు రామమూర్తి గారు పోరాడారు. ఆయన కూడా మీ వైపువారే.

గంటస్తంభం

మా వైపువారే. పుట్టింది శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో, 1863 ఆగస్టు 29న. ఆ రోజునే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ఆయన అడిగింది శిష్టవ్యావహారికం. బళ్లో పాఠాలకీ రాతకీ చదువుకున్నవాళ్లు మాట్లాడే భాష చాలన్నాడు. ఉద్దానం రైతు చేత కూడా హెడ్మాస్టరులా మాట్లాడించమని ఎక్కడా అనలేదు. కథనం ఆ భాషలో ఉంది, పాత్రల మాటలు వాళ్ల భాషలో ఉన్నాయి. ఈవిడ రాతలో గిడుగుకి జరిగిన అన్యాయం ఏమీ లేదు.

నూలుపోగు (పొందూరు)

నేను డీటీపీ చేస్తాను, ప్రూఫులు కూడా చూస్తాను. కలం పోటు గారి మాట పూర్తిగా కొట్టిపారెయ్యను. యాస రాయడంలో రెండు రకాలున్నాయి. ప్రతి అక్షరం చెవికి వినబడినట్టు రాయడం ఒకటి. క్రియల దగ్గర, మాట విరుపు దగ్గర మాత్రం యాస ఉంచి మిగతాది కంటికి అలవాటైన రూపంలో రాయడం రెండోది. 'పోనాయి', 'ఏటయిపోతాడే', 'ఆపీసినాను' ఉంచండి. అక్కడే మన ఊరు వినబడుతుంది. 'సెట్లు', 'సూసి', 'సెప్పి' లాంటివి ప్రతి వాక్యంలోనూ వరుసగా వస్తే కొత్త పాఠకుడి కన్ను తడబడుతుంది. నేనైతే అందరి చేతా అలా పలికించను. ముసలమ్మ 'సెట్లు' అంటుంది, డిగ్రీ చదివిన మనవరాలు 'చెట్లు' అంటూనే 'పడిపోనాయి' అంటుంది. మా ఇళ్లలో జరిగేది అదే. అలా రాస్తే ఎవరు మాట్లాడుతున్నారో పేరు చెప్పకుండానే తెలిసిపోతుంది కూడా.

ఇంకో చిన్న విషయం, అడగకపోయినా చెబుతున్నాను. మీరు ఫోన్‌లో టైపు చేస్తున్నట్టున్నారు. 'పార్ట్‌లో', 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల మధ్య కనిపించని విడదీత గుర్తు ఒకటి పెట్టాలి. లేకపోతే 'పార్ట్లో' అని ఒత్తు పడిపోతుంది. చాలా కీబోర్డుల్లో ఆ మీట ఉంటుంది, వెతకండి. రెండోది, సీరియల్ యాప్‌లోనే రాసి యాప్‌లోనే ఉంచకండి. విడిగా ఒక ఫైలు పెట్టుకోండి, యూనికోడ్‌లోనే. రేపు పుస్తకం వేసేటప్పుడు ప్రెస్సువాళ్లు యూనికోడ్ కాని అను ఫాంట్లలోకి మార్చుకుంటారు, ఆ మార్పిడిలో ఒత్తులు చెదురుతాయి. అప్పుడు ఒరిజినల్ లేకపోతే దేంతో పోల్చి చూస్తారు?

అంటుమొక్క (కవిటి)

సాహిత్యం నాకు తెలీదు. తోట తెలుసు. మా ఆవిడ చదువుతుంది మీ సీరియల్, ఆవిడ చదివి వినిపిస్తుంటే విన్నాను. కొన్ని సందేహాలు.

మీ కథలో గాలి సాయంత్రం మొదలై రాత్రికి తోట పడిపోతుంది. తిత్లీ 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. రాత్రంతా గాలి పెరుగుతూనే ఉంది గానీ అసలు దెబ్బ తెల్లారగట్ట. అప్పుడే దసరా నవరాత్రులు మొదలయ్యాయి. అది కూడా మీ కథలో ఎక్కడా లేదు, మండపాల ముచ్చటే లేదు.

తర్వాత కొబ్బరి. మళ్లీ మొక్కలు నాటిన మూడేళ్లకే ఆ పిల్ల కాయలు అమ్మినట్టు రాశారు. మన నాటు రకం, పొడుగు చెట్టు, కాపుకి రావాలంటే ఆరేడేళ్లు పడుతుంది. అదే అంటు జీడి అయితే మూడో ఏటి నుంచి కొద్దికొద్దిగా పిక్కలు వస్తాయి. జీడి అని రాస్తే సరిపోతుంది. కాకపోతే జీడి కోత మార్చి నుంచి మే దాకా. మీరు ఆ అమ్మకం సీను సంక్రాంతికి పెట్టారు. సంక్రాంతికి చెట్టు మీద పూత ఉంటుంది.

పాసింజర్ బండి

ఇలాంటి కామెంటు ఒకటి వస్తే నూరు 'సూపర్ అక్కా'లు ఇచ్చేస్తాను.

జీడితోట

అన్నా, మీ ఆవిడకి నా నమస్కారం చెప్పండి. తెల్లారగట్ట అని నాకూ తెలుసు, మా ఇంటి రేకులు ఎగిరిన వేళ నాకు గుర్తే. కథలో సాయంత్రమే అని కావాలని రాశాను. ఆ పిల్ల బస్సు దిగి ఇంటికి నడిచి వచ్చే దారి వెలుగులో చూపించాలి, గాలి మొదలవ్వాలి, ఇంటికి చేరేలోపు చీకటి పడాలి. కొబ్బరి సంగతి మాత్రం మార్చాల్సిందే. జీడి అయితే ఆ పిల్ల చేతికి జిడ్డు అంటి చర్మం ఊడే సీను కూడా వస్తుంది, అది కొబ్బరితో రాదు. కోత వేళకి తగ్గట్టు సంక్రాంతి తీసేసి ఉగాది చేస్తాను.

అంటే ఇప్పుడు నా ప్రశ్న మళ్లీ మొదటికొచ్చింది. ఆ భాగం ఎప్పుడో పెట్టేశాను. ఎలా మార్చాలి?

నాగావళి

నేను పాటించేది చెబుతాను, అందరూ ఒప్పుకోవాలని లేదు. అచ్చుతప్పులు ఎప్పుడు కనబడితే అప్పుడు చప్పుడు చెయ్యకుండా దిద్దేస్తాను. పంట, తేదీ, దూరం, ధర లాంటివి దిద్దితే ఆ వారం కొత్త భాగం పైన ఒక్క వాక్యం పెడతాను, 'తొమ్మిదో భాగంలో కొబ్బరి అని ఉన్నది జీడిగా మార్చాను' అని. కథలో జరిగినదాన్ని మాత్రం సీరియల్ అయ్యేదాకా ముట్టుకోను. ఒకడు చచ్చిపోయాడని చదివినవాళ్లు ఉన్నారు, వాణ్ణి వెనక్కెళ్లి బతికించకూడదు. కావాలంటే ముందు భాగాల్లో ఏదో ఒక ఉపాయం చేసి దారి వెతుక్కోవాలి. అలా దారి వెతుక్కోవడంలోనే నా సీరియల్‌లో మంచి మలుపులు వచ్చాయి. వెనక్కెళ్లి మార్చుకునే వీలుంటే అవి వచ్చేవి కావు.

కలం పోటు

మరి మూడో భాగంలో పంపకాల సీను తీసెయ్యమన్నారు కదా మీరే. అది కథలో జరిగింది కాదా?

నాగావళి

తీసెయ్యమనలేదు, అక్కడే ఎందుకని అడిగాను. దాన్ని తర్వాత రాబోయే భాగంలోకి జరపొచ్చు. పంపకాలు జరిగాయి, జరిగినట్టే ఉంటాయి, చెప్పే వేళ మారుతుంది. ఇది కాస్త నా నియమానికి అంచున ఉందని ఒప్పుకుంటాను.

గంటస్తంభం

అంచున కాదు, అవతల ఉంది. అయినా చెయ్యమ్మా. కొత్తగా వచ్చేవాళ్లు మొదటి నుంచే చదువుతారు, మూడో భాగంలో వాళ్లని పోగొట్టుకుంటే మిగతా కథ ఎంత బాగున్నా ఎవరి కోసం?

పల్నాడు పిల్ల

అక్కా ఇంకొకటి అడగనా? మీరు రాసిన వెంటనే పెట్టేస్తారా? ముందుగా ఎవరైనా చదువుతారా?

జీడితోట

ఆదివారం మధ్యాహ్నం రాయడం అవుతుంది, రాత్రికి పెట్టేస్తాను. చదివేవాళ్లు ఎవరూ లేరు. మా ఇంట్లో నేను రాస్తానని ఒక్కరికే తెలుసు.

నూలుపోగు

కనీసం మూడు నాలుగు భాగాలు చేతిలో ఉంచుకుని పెట్టండి. పండగ వస్తుంది, జ్వరం వస్తుంది, పెళ్లి వస్తుంది. మా విజయనగరం చుట్టాలైతే దసరా వెళ్లిన తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ అయ్యేదాకా ఫోన్ కూడా ఎత్తరు, ఇక రాయడమా! చేతిలో భాగాలుంటే ఇంకో లాభం, నాలుగో భాగం రాస్తున్నప్పుడు ఒకటో భాగంలో ఏం లేదో తెలుస్తుంది, ఇంకా పెట్టలేదు కాబట్టి హాయిగా మార్చుకోవచ్చు. అప్పుడు ఈ మార్చవచ్చా మార్చకూడదా అన్న తగువే తగ్గిపోతుంది.

చదివేవాళ్ల సంగతి. 'ఎలా ఉంది' అని అడిగితే 'బాగుంది' అంటారు. అలా అడగొద్దు. ఎక్కడ విసుగేసింది, ఎవరెవరో ఎక్కడ కలగాపులగం అయ్యారు, ఏ వాక్యం రెండుసార్లు చదవాల్సి వచ్చింది, ఇవి అడగండి. ఒకరు మన ఊరి మనిషి, ఒకరు బయటి మనిషి ఉంటే చాలు. ఇక్కడే దొరికారు కదా ఇద్దరూ, కవిటి ఆవిడా, నరసరావుపేట అమ్మాయీ.

పల్నాడు పిల్ల

నేను రెడీ. శుక్రవారం పంపితే శనివారానికి చెబుతాను.

పాసింజర్ బండి

విషయం పక్కకు పోతోందేమో గానీ, జాగ్రత్త కోసం చెబుతున్నా. నా సీరియల్‌ని ఒక యూట్యూబ్ ఛానెల్ వాళ్లు చదివి ఆడియో పెట్టేశారు, నా పేరు కూడా లేదు. అడిగితే 'రిజిస్టర్ చేయించుకున్నావా' అని ఎదురు ప్రశ్న.

నూలుపోగు

రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రాసిన క్షణం నుంచే హక్కు మీది, మీరున్నంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్లు. ఆ వేదికకి రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి. 2013 నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిన 36 గంటల్లో దాన్ని అందకుండా ఆపాలి. కాకపోతే 21 రోజుల్లోగా మీరు కోర్టు ఉత్తర్వు తేకపోతే వాళ్లు మళ్లీ తెరిచే వీలుంది. మీరు ముందు పెట్టారని చూపించే తేదీ ఉన్న పేజీని స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి. దీనికి వేరే చర్చ తెరుద్దాం, ఇక్కడ ఆవిడ పని చూద్దాం.

జీడితోట

మూడో భాగం మొదలు తిరగరాశాను. పంపకాల గొడవ మొత్తం పదిహేనో భాగానికి జరిపేశాను, అక్కడ తోట అమ్మే మాట వస్తుంది కాబట్టి అక్కడ అవసరం. యాస తీయలేదు. పెద్దవాళ్లకి ఒకలా, పిల్లలకి ఒకలా చేశాను. ఇది మొదటి ముక్క.

*పెద్దిల్లు అప్పన్న మంచం దిగలేదు. గుమ్మంలో నిలబడ్డ తమ్ముడి వైపు చూడకుండానే అడిగాడు.*

*"ఎన్ని పోనాయి?"*

*"నూటికి తొంబై. నాను లెక్కెట్టడం ఆపీసినాను."*

*"మరేటికొచ్చినావు?"*

*"నీ వాటాలో ఎన్ని నిలబడ్డాయో సెబుదామని."*

పల్నాడు పిల్ల

అన్నదమ్ములకి పడదని తమ్ముడి పేరు తెలీకుండానే తెలిసిపోయింది. తర్వాతది పంపండి.

అంటుమొక్క

నూటికి తొంబై అని మా ఊళ్లోనూ అన్నారు. బాగుంది.

గంటస్తంభం

'చూడకుండానే' తీసెయ్. మంచం దిగలేదన్నావు, వాడి మొహం చూడటం లేదని మాటల్లోనే తెలుస్తోంది. రెండుసార్లు చెప్పినట్టవుతుంది.

జీడితోట

అది ఉంచుతానండి మాస్టారూ. ఆయన తమ్ముడి మొహం చూసేది పదిహేనో భాగంలోనే, వాటా కాగితం మీద వేలిముద్ర వేసేటప్పుడు. అప్పుడు పాఠకుడికి ఇది గుర్తుండాలి.

గంటస్తంభం

అయితే 'తమ్ముడి వైపు' తీసి 'తమ్ముడి మొహం' చెయ్. అప్పుడు గుర్తుంటుంది.